ఎండాకాలం మిద్దె తోట: బకెట్లు లెక్కపెట్టాకే విత్తనాలు

ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి మా మిద్దె మీద పైపు తిప్పితే, మొదటి నిమిషం వచ్చే నీళ్లతో చాయ్ పెట్టుకోవచ్చనిపిస్తుంది. మొదటి ఏడాది నాకు ఆ సంగతి తట్టలేదు. తలలు వాల్చేసిన టమాటా మొక్కల్ని చూసి ప్రాణం ఉసూరుమని, సరిగ్గా ఆ టైముకే పైపు పట్టుకుని ఒక్కో మొక్క మొదట్లో నిండుగా పోశాను. వారం తిరిగేసరికి ఇరవై రెండు సంచుల్లో తొమ్మిది మిగిలాయి. అప్పుడే సిద్దిపేట నుంచి వచ్చిన మా అత్తమ్మ వాటిని చూసి, "ఉడుకు నీళ్లు పోసి ఉడకబెట్టినవు బిడ్డా. మిరుగు దాకా ఆగలేకపోయినవా?" అన్నది.

మిరుగు అంటే మృగశిర కార్తె, జూన్ 7, 8 తేదీల్లో మొదలవుతుంది. అత్తమ్మ మాటలో సగం నిజం. మిరుగు దాకా ఆగాల్సిన పంటలు ఉన్నాయి, ఆగక్కర్లేనివీ ఉన్నాయి. ఏది ఏదో తేల్చుకోవడానికి విత్తనాల ప్యాకెట్ పనికిరాదు, దాని మీద ఎప్పుడూ "అన్ని కాలాలకు అనుకూలం" అనే ఉంటుంది. నేను చూసేవి రెండే: రోజుకు ఎన్ని బకెట్లు పోయగలను, పన్నెండు నుంచి నాలుగు దాకా కుండీ మీద నీడ పడుతుందా లేదా. బెండా, బీరా అన్నది ఆ తర్వాతి మాట.

ముందు బకెట్లు

పన్నెండు అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గ్రో బ్యాగులో 20 లీటర్ల పైచిలుకు మట్టి పడుతుంది. అందులో బాగా ఎదిగిన బెండ మొక్కో వంగ మొక్కో ఉంటే మే నెలలో రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగేస్తుంది. ముప్పై బ్యాగులకు 45 నుంచి 60 లీటర్లు. పెద్ద పెయింటు బకెట్ 20 లీటర్లనుకుంటే రోజూ మూడు బకెట్లు. నల్లా రోజు విడిచి రోజు వచ్చే కాలనీలో, బోరు ఎండిపోయి ట్యాంకర్ల మీద నెట్టుకొచ్చే అపార్ట్‌మెంట్‌లో ఈ మూడు బకెట్లు చిన్న విషయం కాదు. ట్యాంకర్ డబ్బులు అందరివీ, మొక్కలు మన ఒక్కరివీ అయితే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఏం మెసేజీలు వస్తాయో నేను చెప్పక్కర్లేదు.

అందుకే మార్చి నెలాఖరుకల్లా నా కుండీలు సగానికి తగ్గిస్తాను. ముప్పై కుండీల్లో ముప్పై మొక్కలు చావుబతుకుల్లో ఉండేకంటే, పదిహేనింట్లో రోజూ కోసుకునే కూర ఉండడం నయం.

ఏ నీళ్లు పోస్తున్నామన్నదీ చూసుకోవాలి. నల్లా నీళ్లకు వంక లేదు. బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఎండకు నీరంతా ఆవిరై ఉప్పు మాత్రం మట్టి మీద తెల్లటి పొరగా మిగిలిపోతుంది. బోరు నీళ్లే గతైతే రెండు మూడు వారాలకోసారి నల్లా నీళ్లు కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోయాలి, పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. ఆర్‌వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు వృథా అవుతున్నాయని మొక్కలకు పోసేవాళ్లు చాలామంది. తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా చేరేది అందులోనే. వాటితో బండలు కడుక్కోండి. కూలర్ అడుగున మిగిలిన నీళ్లదీ ఇదే కథ, రోజంతా ఆవిరై చిక్కబడిన ఉప్పు నీళ్లవి. ఏసీ పైపు నుంచి కారేవి మాత్రం గాలిలోని తేమ చల్లబడి నీరైనవి, ఉప్పు దాదాపు ఉండదు, హాయిగా పోసుకోవచ్చు. చూడటానికి రెండూ చల్లబరిచే మెషిన్ల నీళ్లే, ఒకటి మందు, ఒకటి విషం. కాకపోతే ఏప్రిల్‌లో మన గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, రాత్రంతా ఏసీ వేసినా మా ఇంట్లో సగం బకెట్ కూడా నిండదు.

బియ్యం, పప్పు కడిగిన నీళ్లు మంచివే. పూట దాటితే వాసన వస్తాయి కాబట్టి ఎప్పటివప్పుడే పోసేయాలి.

నీడ ఏ వైపు నుంచి?

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. చలికాలంలో దక్షిణం బాల్కనీలో మొక్కలు కళకళలాడతాయి. అదే బాల్కనీలో ఎండాకాలమూ బాగా ఎండ ఉంటుందనుకుంటాం. మన హైదరాబాద్ ఉన్నది దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ఈ రెండు తేదీల మధ్య మూడు నెలలూ మధ్యాహ్నం సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగా ఉంటాడు. కాబట్టి మే నెలలో దక్షిణం బాల్కనీకి పైఅంతస్తు స్లాబే గొడుగు. ఏడాదంతా చీకటిగా ఉందని మనం తిట్టుకునే ఉత్తరం బాల్కనీలోకి పొద్దునా సాయంత్రం ఎండ వస్తుంది.

ఎండాకాలానికి తూర్పు బాల్కనీని మించింది లేదు. పదకొండు దాకా ఎండ, ఆ తర్వాత గోడ నీడ. వంగ, మిర్చి, పాలకూర లాంటివి అక్కడే బతుకుతాయి. దక్షిణంలో బచ్చలి, పుదీనా, పొన్నగంటి. పడమర బాల్కనీ మాత్రం పొయ్యి: రెండు నుంచి ఆరు దాకా ఎండ ఏటవాలుగా నేరుగా కుండీ గోడకే తగులుతుంది, వేళ్లు వేగిపోతాయి. పడమరే ఉన్నవాళ్లు గోరుచిక్కుడు, గోంగూర పెట్టుకోండి, కుండీలకు అడ్డంగా గోనెపట్టా కట్టండి. లేదంటే ఈ మూడు నెలలు ఆ బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడమే లాభం, అరగంటలో ఆరిపోతాయి.

మిద్దె మీదైతే షేడ్ నెట్ తప్పదు. షాపుకెళ్తే 50 శాతం, 75 శాతం అని రెండు రకాలు చూపిస్తారు, అది ఎంత ఎండను ఆపుతుందన్న లెక్క. ఎండ మండిపోతోంది కదా అని 75 తీసుకుంటే మొక్క వెలుతురు కోసం సన్నగా, పొడుగ్గా సాగి పూత వేయదు. ఆకుకూరలకూ కాయగూరలకూ 50 శాతమే సరిపోతుంది. నారు పోసుకోవడానికి, కొత్తగా నాటిన మొక్కను మొదటి వారం కాపాడుకోవడానికి 75 శాతం ముక్క ఒకటి చాలు. నెట్ మనిషి తలకు కనీసం రెండడుగుల పైన ఉండాలి. మొక్కల మీద పడేలా కట్టేస్తే కింద గాలి ఆడక ఆవిరి పట్టినట్టవుతుంది.

పాత చీరలు కడితే సరిపోదా అంటే, నూలు చీరైతే ఒక సీజనుకు సరిపోతుంది. పోగులు చివికిపోయి మేలో చిరుగుతుంది, కానీ ఖర్చు లేదు. పాలిస్టర్ చీర గాలి ఆడనివ్వదు. ఏది కట్టినా ముడి వేసేటప్పుడు ఏప్రిల్, మే గాలివానల్ని గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్నందాకా నిప్పులు చెరిగి, సాయంత్రం అరగంటలో ఆకాశం నల్లబడి, ముందు దుమ్ము, వెనక వడగళ్లు. మా నెట్ ఒకసారి మూడు ఇళ్లు దాటి ఎవరి వాటర్ ట్యాంకుకో చుట్టుకుంది. అప్పటినుంచి ఒక వైపు గట్టి ముడి, ఎదురు వైపు లాగితే ఊడే ముడి వేస్తున్నాను. మబ్బు పట్టగానే ఒక్క లాగుతో నెట్ పక్కకు వచ్చేస్తుంది.

నెట్ కంటే నాకు ఇష్టమైనది పందిరి. ఫిబ్రవరిలోనే దొండో ఆనపో పాకిస్తే ఏప్రిల్‌కి కింద చల్లటి నీడ, పైన కాయ. దానికి ముందుచూపు కావాలి. ఏప్రిల్‌లో మేల్కొన్నవాళ్లకు నెట్టే దిక్కు.

ఏ కూర?

ఆకుకూరల దగ్గర నేను గట్టిగానే చెప్తాను: ఎండాకాలంలో ఒక్కటే పెట్టుకోగలిగితే ఆకుకూరే పెట్టుకోండి. పొద్దున రైతు బజార్‌లో కొన్న తోటకూర కట్ట పదకొండింటికి ఇంటికి చేరేసరికి తుండుగుడ్డలా అయిపోతుంది. టమాటా అలా కాదు, వారం నిలవ ఉంటుంది. వాడిపోయేదాన్ని ఇంట్లో పెంచుకుని, నిలవుండేదాన్ని కొనుక్కోవడం తెలివి.

ఆకుకూరలన్నీ ఒకటి కావు. తోటకూర వేడిని తట్టుకోవడమే కాదు, వేడిని ఇష్టపడుతుంది. మొక్కజొన్న, చెరకుల్లాగే మండే ఎండలోనూ తక్కువ నీటితో ఆహారం తయారు చేసుకునే జాతి. విత్తిన 25, 30 రోజులకు కోతకొస్తుంది, పీకకుండా గిల్లుకుంటే మూడు నాలుగు సార్లు చిగురిస్తుంది. గంగవాయిలి కూర ఇంకా మొండిది, కాడల్లోనే నీళ్లు దాచుకుంటుంది. రెండు రోజులు ఊరెళ్లి మర్చిపోయినా మనం వచ్చేదాకా ఎదురుచూసేది అదొక్కటే. దాన్ని కలుపు అనుకుని పీకి పారేసేవాళ్లున్నారు, పప్పులో వేసి చూడండి. గోంగూరకు ఇంకో సుగుణం ఉంది. పగలు తగ్గే కాలంలోనే అది పూతకొస్తుంది. అంటే ఎండాకాలంలో నాటితే నెలల తరబడి ఆకే ఆకు. మూడు నాలుగు మొక్కలుంటే వారానికో పచ్చడి.

బచ్చలికి సగం నీడ, రోజూ తడి కావాలి. ఆ రెండూ ఇస్తే వద్దన్నా పెరుగుతుంది. పాలకూర నెట్ కింద వస్తుంది గానీ ఆకు చిన్నది, కాస్త గట్టిది. మెంతికూర ముదిరేదాకా ఆగకుండా రెండు మూడు వారాలకే లేతగా కోసుకునేలా వెడల్పు ట్రేలో చల్లుకోండి. కొత్తిమీర దగ్గర మాత్రం ఓడిపోయాను. ఎండకు విత్తనం సగమైనా మొలవదు, మొలిచింది జానెడు కాకముందే పూతకొస్తుంది. మే నెలలో కొత్తిమీర రేటు చూసి ఒళ్లు మండినా కొనుక్కోవడమే మేలు.

కాయగూరల్లో అసలు పోటీ బెండకూ గోరుచిక్కుడుకూ. (మా అత్తమ్మ ముందు గోరుచిక్కుడు అంటే నవ్వుతుంది, గోకరకాయ అనాలి.) బెండ విత్తిన 45, 50 రోజులకు కాయ ఇస్తుంది, ఎండ పెరిగేకొద్దీ జోరుగా కాస్తుంది. కానీ రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరి పీచవుతుంది. నలుగురున్న ఇంటికి ఒక పూట కూరకు సరిపడా కాయలు ఒకేసారి దొరకాలంటే పది పన్నెండు మొక్కలుండాలి. రెండు మొక్కలు పెట్టి మూడేసి కాయలు ఫ్రిజ్‌లో కూడబెట్టే బాధ పగవాడికీ వద్దు. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు దీనికి పెద్ద గండం. ఆకు ఈనెలు పసుపెక్కి వలలాగా కనబడతాయి. వచ్చిందంటే మందు లేదు, పీకేయాల్సిందే. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క అనామిక ఈ తెగులును తట్టుకునేలా తయారైన రకం. ఇప్పుడు పూర్తిగా ఆగుతుందని చెప్పలేం గానీ, ఊరూ పేరూ లేని ప్యాకెట్ కంటే నయం.

గోరుచిక్కుడుకు వేరు లోతుకు దిగుతుంది, నీళ్లు ఒక రోజు తప్పినా ఓర్చుకుంటుంది, చిక్కుడు జాతి కాబట్టి మట్టికి నత్రజనీ ఇస్తుంది. పూసా నవబహార్ అనే పాత రకం కొమ్మలు వేయకుండా నిటారుగా పెరుగుతుంది కాబట్టి ఒక్కో బ్యాగులో మూడు మొక్కలు ఇముడుతాయి. దిగుబడి బెండంత కనబడదు, పిల్లలు మొహం తిప్పుకుంటారు. నీళ్లకు ఇబ్బంది లేకపోతే బెండ, ఇబ్బంది ఉంటే గోరుచిక్కుడు. నేను రెండూ పెడతాను, బెండ పన్నెండు మొక్కలు, గోకర రెండు బ్యాగులు.

తీగజాతి గురించి ఒక మాట ఎవరూ ముందు చెప్పరు. ఎండలు ముదిరితే బీర, ఆనప, కాకర తీగలకు మగపూలే విపరీతంగా వస్తాయి, ఆడపూలు తగ్గుతాయి. వచ్చిన ఆడపువ్వుకైనా నాలుగో అంతస్తు దాకా తేనెటీగ రావాలి కదా. రాకపోతే వేలెడు పిందె పసుపెక్కి రాలిపోతుంది. ఎరువు తక్కువైందని మనం ఇంకో గుప్పెడు వర్మీ కంపోస్టు వేస్తాం. చేయాల్సిన పని వేరు. ఆనప పువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది, బీర కూడా పొద్దువాలాకే. దీపాలు పెట్టే వేళకు పైకెళ్లి, మగపువ్వు తెంపి, రేకలు వలిచేసి, మధ్యలోని పుప్పొడి కాడను ఆడపువ్వు నడిమి గుండీకి మెల్లగా రుద్దాలి. ఆడపువ్వు ఏదంటే, వెనకాల బుల్లి కాయ అతుక్కుని ఉన్నది. కాకర, దోస పూలైతే పొద్దున విచ్చుకుంటాయి, వాటికి పొద్దుటి డ్యూటీ. ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదికి వచ్చేవాళ్లు బీర పెట్టుకోవద్దని చెప్పేది అందుకే.

ఈ టెన్షన్ ఏమీ లేనిది దొండ. మనం పెంచేది కొమ్మ నాటిన ఆడ తీగ, మగపువ్వు పుప్పొడి లేకుండానే కాయ పడుతుంది. ఒకసారి నాటితే ఏళ్లు ఉంటుంది. దానికి కనీసం 40, 50 లీటర్ల డబ్బా, గట్టి పందిరి, రోజూ నీళ్లు కావాలి. పెద్ద కుండీకి చోటుండి, ఒక్క తీగే పెట్టదలిస్తే నా ఓటు దొండకు.

ఇక టమాటా, వంగ, మిర్చి. పగలు 35 దాటి, రాత్రి కూడా 24, 25 కిందకు దిగనప్పుడు టమాటా పుప్పొడి పనిచేయదు, పూత పూతగానే రాలుతుంది. మన ఏప్రిల్, మే నెలలు అవే కదా, పైగా పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా కాళ్లకు చురుక్కుమంటుంది. "ఎండాకాలం హైబ్రిడ్, గ్యారంటీ" అని ఒక నర్సరీలో ఏప్రిల్‌లో అంటగట్టిన నారు నా దగ్గర మూడడుగులు పెరిగింది, పచ్చగా నిగనిగలాడింది, ఒక్క కాయ కాయలేదు. చలికాలం టమాటా మార్చి కల్లా ఆఖరి కాయ ఇచ్చాక పీకేయండి, జాలి వద్దు. వంగను మాత్రం పీకొద్దు. ఏప్రిల్‌లో అడుగు ఎత్తుకు కత్తిరించి, మొదట్లో మాగిన పశువుల ఎరువు వేసి, తూర్పు నీడకు జరిపి వదిలేస్తే వానలకు కొత్త కొమ్మలేసి మళ్లీ కాస్తుంది. మిర్చిని కత్తిరించక్కర్లేదు, నీడన పెట్టి బతికిస్తే చాలు, కాసినన్ని కాస్తుంది.

కుండీలు

దీని గురించి జనం అనవసరంగా గంటలు గంటలు చర్చిస్తారు. నల్లటి నర్సరీ కవరు ఎండాకాలంలో వద్దు, వేడిని పీల్చుకుని వేళ్లను వండుతుంది. మట్టి కుండీ గోడ నుంచి తేమ ఆవిరవుతూ లోపల చల్లగా ఉంచుతుంది, కానీ అందుకే నీళ్లు ఎక్కువ అడుగుతుంది. రెండు పూటలా పోయగలిగితే అంతకంటే మంచిది లేదు. నీళ్లు తక్కువైతే లేత రంగు గ్రో బ్యాగు లేదా తెల్ల పెయింటు బకెట్. ఆకుకూరలకు అన్నిటికంటే నాకు నచ్చింది, పండ్ల దుకాణాల్లో ద్రాక్ష వచ్చే థర్మాకోల్ డబ్బా: వేడి లోపలికి పోదు, తేమ బయటికి పోదు, అడుగున నాలుగు చిల్లులు పెడితే తోటకూరకు సరిపోయే లోతు ఉంటుంది. ఒకటి రెండేళ్లకు ఎండకు పొడిపొడి రాలుతుంది, అప్పుడు తెల్ల పూసలు ఇల్లంతా.

కుండీ ఏదైనా స్లాబుకు ఆనించొద్దు, రెండు ఇటుకల మీద ఎత్తండి. విడివిడిగా కాకుండా గుంపుగా దగ్గర దగ్గర పెట్టండి. పెద్దవి పడమర వైపు, చిన్నవి వాటి చాటున.

మట్టి మీద కప్పు తప్పనిసరి. ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు, ఏదైనా రెండు అంగుళాల మందం. ఎండాకాలంలో వీధి వీధికీ చెరకు రసం బండి ఉంటుంది, పిప్పి అడిగితే సంతోషంగా ఇస్తాడు. తెచ్చి నేరుగా వేశారంటే చీమల జాతర. నీళ్లలో ముంచి, పిండి, రెండు రోజులు ఎండబెట్టి వేయండి. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక: ఒకసారి పూర్తిగా ఎండిందా, మళ్లీ నీళ్లు పీల్చుకోదు, పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు ప్రధానంగా ఉండి, కోకోపీట్ నాలుగో వంతు దాటకుండా ఉంటే చాలు.

చేత్తో పోయడమా, డ్రిప్ పెట్టడమా?

పది పదిహేను కుండీల దాకా చేత్తోనే పోయండి. పొద్దున ఆరింటికి మగ్గుతో పోస్తూ ప్రతి మొక్క మొహం చూస్తాం, పురుగు పట్టింది మొదటి రోజే తెలుస్తుంది. ఆ పని డ్రిప్ చేయదు. పాతిక దాటితే, లేదా సెలవులకు ఊరెళ్లేవాళ్లైతే డ్రిప్ కొనాల్సిందే. గంటకు రెండు లీటర్ల డ్రిప్పర్ అరగంట నడిస్తే లీటరు, లెక్క తేలిక. టైమర్ దగ్గరే డబ్బులు పోగొట్టుకుంటారు. సోలనాయిడ్ రకం (కరెంటు అయస్కాంతంతో వాల్వ్ తెరుచుకునేవి) టైమర్లు చాలావాటికి నీటి ప్రెషర్ బాగా ఉండాలి. మిద్దె మీది ట్యాంకు నుంచి నాలుగైదు అడుగుల ఎత్తుతో దిగే నీళ్లకు అవి సరిగా తెరుచుకోవు. బాల్ వాల్వ్ టైమర్ అని అడిగి తీసుకోండి. బోరు నీళ్లైతే డ్రిప్పర్ రంధ్రాలు సున్నంతో మూసుకుపోతాయి, నెలకోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టాలి. ఇంకొకటి, నల్లటి డ్రిప్ పైపులో ఎండకు నీళ్లు కాగుతాయి. టైమర్ తెల్లవారుజామునే పెట్టాలి.

పెద్ద డ్రమ్ముకో, ఇటుకలు పేర్చి చేసిన మడికో అయితే మూడో దారి ఉంది. ఉగాదికి పచ్చడి చేసిన కొత్త కుండ మూల పడేయకండి. మెడ దాకా మట్టిలో పూడ్చి, నీళ్లు నింపి, మూకుడు మూయండి. మట్టి ఎండేకొద్దీ కుండ గోడలోంచి నీరు ఊరి వేళ్లకు అందుతుంది, పైన ఆవిరయ్యేది తక్కువ. మూత లేకపోతే మాత్రం దోమలు. రంగులు వేసిన కుండ, మెరుగు పూసిన కుండ దీనికి పనికిరావు. పన్నెండు అంగుళాల బ్యాగులో దీనికి చోటే ఉండదు.

ఇక పురుగు

ఎండాకాలం పురుగు అంటే ముందు ఎర్రనల్లి. పొడి వేడిలో పండగ చేసుకుంటుంది. బెండ, వంగ ఆకుల పైన సన్నటి పసుపు చుక్కలు కనబడితే ఆకు తిప్పి తెల్ల కాగితం మీద కొట్టండి. కారం పొడిలా రాలి, ఆ పొడి నడవడం మొదలుపెడితే అదే. పొద్దున్నే ఆకుల అడుగు భాగానికి నీళ్లు గట్టిగా కొట్టడం సగం వైద్యం. ఆ తర్వాత లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి, ఎండ పోయాక మాత్రమే స్ప్రే చేయాలి. మధ్యాహ్నం కొడితే ఆకులు మాడతాయి.

మీకు ఏది?

రోజుకు ఒక్క బకెట్ మించి పోయలేరా, నాలుగు థర్మాకోల్ డబ్బాల్లో తోటకూర, గంగవాయిలి, రెండు బ్యాగుల గోంగూర పెట్టుకుని అక్కడితో ఆగండి. మూడు బకెట్లు, మిద్దె మీద 50 శాతం నెట్, పొద్దున అరగంట టైము ఉంటే వాటికి తోడు బెండ, గోకర, ఒక దొండ. సాయంత్రాలు ఇంట్లో ఉండేవాళ్లు ఆనప చేర్చుకోవచ్చు. ఊళ్లకు తిరిగేవాళ్లు డ్రిప్ పెట్టే దాకా గంగవాయిలి తప్ప ఏమీ పెట్టొద్దు. ఇవన్నీ ఫిబ్రవరిలో విత్తితేనే పూర్తి లెక్క. ఇప్పటికే ఏప్రిల్ దాటిపోయి ఉంటే కాయగూరలు వదిలేసి ఆకుకూరలకే పరిమితం కండి.

ఏమీ పెట్టకపోవడం కూడా ఒక ఎంపికే, అందులో చిన్నతనం లేదు. ఖాళీ చేసిన సగం కుండీలను నేను అలాగే వాడతాను. మట్టిని బాగా తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్‌తో గాలి పోకుండా బిగించి, నాలుగు నుంచి ఆరు వారాలు మండుటెండలో వదిలేస్తే వేళ్లకు ముడులు తెచ్చే నులిపురుగులు, తెగుళ్లు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. నల్ల కవర్ దీనికి అంత పనిచేయదు, లోపలి మట్టి కనబడేదే కావాలి. మంచి సూక్ష్మజీవులు కూడా కొన్ని పోతాయి కాబట్టి విప్పాక వర్మీ కంపోస్టు కలపాలి. మొక్కలకు శత్రువైన ఎండ ఈ పనికి మాత్రం ఉచితంగా దొరికే కూలీ.

మే నెలాఖరున రెండు మబ్బులు కనబడగానే కవర్లు విప్పేయకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. హైదరాబాద్‌లో 45.5 డిగ్రీల రికార్డు నమోదైంది 1966లో, అదీ జూన్ 2న. మొదటి రెండు గట్టి వానలు పడ్డాకే బీర, ఆనప, చిక్కుడు విత్తనాలు. టమాటా నారు మాత్రం మే చివర్లో నీడన పోసుకుంటే జూన్ నెలాఖరుకు నాటొచ్చు. ఈసారి ఆ ట్రే అత్తమ్మ గది కిటికీ పక్కన పెట్టాను. పొద్దున్నే ఆమే నీళ్లు చిలకరిస్తున్నది, చేయి ముంచి చల్లగా ఉన్నాయో లేదో చూసుకుని మరీ.